గ్యాండర్‌లో ఐదు రోజులు: 'కమ్ ఫ్రమ్ అవే' చూపించే మంచితనం అసలు ఎలా పనిచేసింది?

కెనడాలోని గ్యాండర్ అనే చిన్న ఊరు, 2001 సెప్టెంబరు 11 దాడుల వల్ల దారి మళ్లిన విమానాల్లో దిగిన ముక్కూ మొహం తెలియని వేలమందిని ఐదు రోజుల పాటు కడుపులో పెట్టుకుని చూసుకున్న కథ 'కమ్ ఫ్రమ్ అవే'. 2017 మార్చిలో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదలైన ఈ సంగీత నాటకం, మధ్యలో కోవిడ్ విరామం పోగా, 2022 అక్టోబరు దాకా నడిచింది. లండన్‌లో 2019లో ఉత్తమ కొత్త మ్యూజికల్‌తో కలిపి నాలుగు ఆలివియర్ అవార్డులు (బ్రిటన్ నాటకరంగ పురస్కారాలు) గెలుచుకుంది. 2021లో వేదిక మీదే చిత్రీకరించి ఓటీటీలో విడుదల చేశాక, నాటకశాల గడప తొక్కనివాళ్లు కూడా చూశారు. చూసినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ ఎక్కువగా అనే మాట ఒకటే: "ఎంత మంచి మనుషులో!"

ఆ మాటలో తప్పేమీ లేదు. కాకపోతే అది అక్కడితో ఆగిపోతుంది. వాళ్లు మంచివాళ్లు కాబట్టి మంచి పని చేశారని సరిపెట్టుకుంటే, మనం అర్థం చేసుకోవడానికి ఇంకేమీ మిగలదు. నాటకాన్ని కాస్త దగ్గరగా చూస్తే అందులో ఉపన్యాసాలు తక్కువ, పనులు ఎక్కువ. బస్సులు ఎవరు నడపాలి, పసిపిల్లల డైపర్లు ఎక్కడ దొరుకుతాయి, విమానం అడుగున చిక్కుకున్న కుక్కలకు నీళ్లు ఎవరు పెట్టాలి? కథ చాలావరకు ఇలాంటి ప్రశ్నల మీదే నడుస్తుంది. అదే కథలో ఆ మంచితనం సరిగా అందని మనిషి కూడా ఒకడున్నాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ నాటకం దయ గురించి ఏం చెబుతోందో తెలుస్తుంది.

ఆ రోజు అట్లాంటిక్ మీద ఏం జరిగింది

2001 సెప్టెంబరు 11 ఉదయం న్యూయార్క్, వాషింగ్టన్‌ల మీద దాడులు జరగగానే అమెరికా తన గగనతలాన్ని మూసేసింది. అప్పటికే యూరప్ నుంచి బయల్దేరిన విమానాలు వందల్లో సముద్రం మీద ఉన్నాయి. సగం దారి దాటనివి చాలావరకు వెనక్కి తిరిగాయి. దాటినవాటికి దిక్కు కెనడానే. ఆ రోజు రెండు వందలకు పైగా విమానాలను, 30 వేలకు పైగా ప్రయాణికులను కెనడా దించుకుంది. ఏ విమానంలో ఎవరున్నారో తెలియని భయం వల్ల, వీలైనన్నింటిని పెద్ద నగరాలకు దూరంగా తూర్పు తీరానికే పంపారు.

అలా న్యూఫౌండ్‌ల్యాండ్ ద్వీపంలోని గ్యాండర్‌లో 38 ప్రయాణికుల విమానాలు వాలాయి. వాటిలో ఉన్నది 6,500 మందికి పైనే. ఊరి జనాభా ఆ ఏటి లెక్కల ప్రకారం 9,651. అంటే ప్రతి ముగ్గురు ఊరివాళ్లకు ఇద్దరు అతిథులు.

అంత చిన్న ఊళ్లో అంత పెద్ద రన్‌వేలు ఎందుకున్నాయన్నది మొదటి ముడి. గ్యాండర్ విమానాశ్రయం 1938లో మొదలైంది, ఊరు ఆ తర్వాత దాని చుట్టూ పెరిగింది. ఒకప్పుడు అట్లాంటిక్ దాటే విమానాలు ఇంధనం కోసం ఇక్కడ ఆగక తప్పేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌కు వెళ్లే యుద్ధ విమానాలు ఇక్కడి నుంచే ఎగిరాయి. ఆగకుండా సముద్రం దాటగల జెట్‌లు వచ్చాక ఇక్కడ దిగేవాళ్లు తగ్గిపోయారు, రన్‌వేలు మాత్రం ఉన్నాయి. ఇక్కడి వీధులకు కూడా లిండ్‌బర్గ్, ఇయర్‌హార్ట్ లాంటి పైలట్ల పేర్లే కనిపిస్తాయి.

నాటకంగా ఎలా మారింది

ఈ కథలో నాటకం ఉందని గుర్తించింది టొరంటో దగ్గర షెరిడన్ కాలేజీలో పనిచేసిన మైకేల్ రుబినాఫ్. కెనడా రచయితల జంట ఐరీన్ శాంకాఫ్, డేవిడ్ హైన్ 2011లో, ఆ ఘటన పదో వార్షికోత్సవానికి గ్యాండర్ వెళ్లి, ఊరివాళ్లతోనూ తిరిగి వచ్చిన ప్రయాణికులతోనూ రోజుల తరబడి మాట్లాడారు. మాటలు, పాటలు, సంగీతం అన్నీ ఆ ఇద్దరివే. పేరు కూడా, బయటి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లను న్యూఫౌండ్‌ల్యాండ్‌వాళ్లు పిలిచే మాట నుంచే తీసుకున్నారు.

వేదిక మీద ఉండేది పన్నెండు మంది నటులు, కొన్ని కుర్చీలు, బల్లలు. టోపీ మారిస్తే మేయర్, యాస మారిస్తే ప్రయాణికుడు. కుర్చీలు వరసగా వేస్తే విమానం, చుట్టూ వేస్తే టీ కొట్టు. దర్శకుడు క్రిస్టఫర్ ఆష్లీకి అమెరికా నాటకరంగ పురస్కారమైన టోనీ అవార్డు తెచ్చింది ఈ పనితనమే. నాకైతే ఇది పొదుపు కోసం చేసిన ఏర్పాటులా అనిపించదు. ఇప్పుడు అన్నం పెట్టిన నటి మరుక్షణం అన్నం కోసం నిలబడుతుంది. పెట్టేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు అనే రెండు జాతులు లేవనే విషయాన్ని ఒక్క డైలాగు లేకుండా చెప్పేస్తుంది.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. పాత్రల్లో కొన్ని నిజమైన వ్యక్తుల పేర్లతోనే ఉన్నాయి, కొన్ని మాత్రం ఇద్దరు ముగ్గురి అనుభవాలను కలిపి అల్లినవి. నాటకం చూసి అదంతా అక్షరాలా చరిత్ర అనుకోకూడదు, పూర్తిగా కల్పన అనీ కొట్టిపారేయకూడదు.

దయ, సముదాయం అని దేన్ని అంటున్నాం

ఎదుటివాళ్ల కష్టం చూసి మనసు కరగడాన్ని జాలి అంటాం. అది లోపల పుట్టే భావం. ఇక్కడ దయ అంటే ఆ భావం పనిగా మారడం. జాలిపడ్డవాళ్లంతా దయ చూపించలేరు, దయ చూపినవాళ్లందరికీ ఆ క్షణంలో జాలి పొంగి ఉండక్కర్లేదు కూడా. విసుక్కుంటూనే రాత్రంతా దుప్పట్లు మోసిన మనిషి చేసింది దయే.

సముదాయం అంటే ఒక చోట ఉండే మనుషులు మాత్రమే కాదు. ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉండటం, బడి తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలియడం, ఫలానా పనికి ఫలానా ఆయన్ని అడగాలని తెలిసి ఉండటం. సామాజిక శాస్త్రవేత్తలు ఇందులో రెండు రకాలు చూస్తారు: ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్య ఉండే బంధం, బయటివాళ్ల వైపు వేసే వారధి. మొదటిది బలంగా ఉన్న చోట రెండోది తప్పకుండా ఉంటుందని లేదు. బాగా కలిసిమెలిసి ఉండే ఊళ్లే ఒక్కోసారి బయటివాళ్లకు తలుపులు మూసేస్తాయి. గ్యాండర్‌లో రెండూ ఎలా కలిశాయన్నదే అసలు ప్రశ్న.

సాయం వెనక ఉన్న లెక్క

ఒక్క విమానాన్ని తీసుకుందాం. 200 మందిని ఒక బడిలో ఉంచారనుకోండి. రోజుకు మూడు పూటలంటే 600 భోజనాలు, ఐదు రోజులకు 3,000. పెద్ద సామాను విమానాల్లోనే ఉండిపోయింది కాబట్టి అందరూ కట్టుబట్టలతో దిగారు. సబ్బు, టూత్‌బ్రష్, లోదుస్తులు మొదలుకుని అన్నీ కావాలి. తరగతి గదుల్లో పరుపులు వెయ్యాలి. ఉన్న కొన్ని మరుగుదొడ్లు 200 మందికి సరిపోవాలి.

ఇక మందుల సంగతి. బీపీ మాత్రలు పెట్టెలో ఉండిపోయిన పెద్దాయనకు మాత్ర రంగు గుర్తుంది, పేరు గుర్తులేదు. గుర్తున్నా, ఒకే మందు ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో అమ్ముతారు. మందుల షాపు అతను ఆయన డాక్టరుకు ఫోన్ చేయాలంటే అక్కడ అర్ధరాత్రి కావచ్చు. గ్యాండర్ ఫార్మసిస్టులు ఇలా దేశదేశాల డాక్టర్లతో మాట్లాడి మందులు ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. దీన్ని ఒక్క మనిషికి కాక వేలమందికి ఊహించుకుంటే, మంచి మనసు ఒక్కటే ఎందుకు చాలదో అర్థమవుతుంది.

సాయం ఎక్కువైనా చిక్కే. రేడియోలో టాయిలెట్ పేపర్ కావాలని అడిగితే ఊరు ఊరంతా పట్టుకొస్తుంది. ఇక తేవొద్దు మహాప్రభో అని మళ్లీ చెప్పాల్సి వస్తుంది. నాటకంలో ఇది నవ్వు తెప్పించే సన్నివేశం, కానీ విపత్తు నిర్వహణలో ఇది నిజంగా పెద్ద సమస్య. ఇచ్చే చేతులు ఎన్ని ఉన్నా, ఎక్కడ ఏది కావాలో ఒకరు చూస్తూ ఉండకపోతే ఒక చోట గుట్టలు పడతాయి, ఇంకో చోట కొరత.

గ్యాండర్‌లో ఈ చూసే పని కొత్తగా పుట్టిన సంస్థ ఏదీ చేయలేదు. మున్సిపాలిటీ, బడులు, చర్చిలు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ, రెడ్‌క్రాస్, లయన్స్ క్లబ్ లాంటి ఊరి సంఘాలు ముందు నుంచే ఉన్నాయి. వండిన ఆహారం పాడవకుండా ఐస్ హాకీ ఆడే రింక్‌నే పెద్ద ఫ్రిజ్‌లా వాడుకున్నారు. ఆ సమయంలో బడి బస్సుల డ్రైవర్లు సమ్మెలో ఉన్నారు, దాన్ని పక్కనపెట్టి స్టీరింగ్ పట్టుకున్నారు. జీతాల గొడవ తీరినందుకు కాదు. తగాదా తగాదాగానే ఉంది, ఈలోపు పని జరిగింది. ఊరంతా ఒక్కమాట మీద ఉంటేనే మంచి జరుగుతుందనే భ్రమను ఈ ఒక్క వివరం పోగొడుతుంది.

నాకు బాగా నచ్చే నిర్ణయం మరొకటుంది. ఊళ్లో ఉన్న హోటల్ గదులను విమాన సిబ్బందికి కేటాయించారు. వృద్ధులు, పసిపిల్లల తల్లులు బడి నేల మీద పడుకుంటే పైలట్లకు మెత్తటి మంచాలా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ గగనతలం తెరుచుకున్న గంటలో విమానం నడపాల్సింది వాళ్లే, వాళ్లకు నిద్ర ఉండాలి. కంటికి కఠినంగా కనిపించినా, చివరికి అందరినీ ఇంటికి చేర్చేది ఇలాంటి దయే.

జంతువుల సంగతీ అంతే. విమానాల అడుగున కుక్కలు, పిల్లులు, ఒక జూకు వెళ్తున్న చింపాంజీల్లాంటి రెండు బోనోబోలు ఉన్నాయని చాలామందికి తట్టనే లేదు. ఊరి జంతు సంరక్షణ కేంద్రంలో పనిచేసే ఆవిడకు తట్టింది, ఎందుకంటే ఆవిడ రోజూ ఆలోచించేది వాటి గురించే.

ఆ ఊరివాళ్లు అలాంటివాళ్లు అనే మాట ఎంతవరకు నిలుస్తుంది

ఎక్కువమంది చెప్పే వివరణ సంస్కృతి. న్యూఫౌండ్‌ల్యాండ్ చలిగాలుల మధ్య ఉన్న ద్వీపం, జీవితం కష్టం, తుఫానులో తలుపు తట్టినవాళ్లను లోపలికి పిలవడం తరాలుగా వస్తున్న అలవాటు అంటారు. 1992లో కాడ్ చేపల వేటను ప్రభుత్వం నిలిపేసినప్పుడు ఆ ప్రాంతంలో దాదాపు 30 వేల మంది ఉపాధి పోయింది. కష్టం తెలిసినవాళ్లు కాబట్టే ఎదుటివాళ్ల కష్టాన్ని గుర్తించారన్నది ఈ వాదన. ఇందులో నిజముంది. అక్కడివాళ్లు తమ గురించి తాము చెప్పుకునేదీ ఇదే.

కానీ గ్యాండర్ జాలరి పల్లె కాదు. సముద్రపు ఒడ్డున కాక లోపలి వైపున, విమానాల కోసమే పుట్టిన ఊరు. ఎక్కడెక్కడి వాళ్లో కొన్ని గంటలు ఆగి వెళ్లడం దానికి కొత్త కాదు. విషాదమూ కొత్త కాదు. 1985 డిసెంబరులో అమెరికా సైనికులను ఇంటికి తీసుకెళ్తున్న ఆరో ఎయిర్ విమానం ఇక్కడే కూలి 256 మంది చనిపోయారు. కాబట్టి సంస్కృతితో పాటు ఊరి వృత్తిని, జ్ఞాపకాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మూడో వివరణ విపత్తులను అధ్యయనం చేసేవాళ్లది. 1963లో అమెరికాలోని ఓహాయోలో మొదలై తర్వాత డెలావేర్‌కు మారిన డిజాస్టర్ రీసెర్చ్ సెంటర్ పరిశోధకులు దశాబ్దాలుగా ఒక విషయం చెబుతున్నారు. పెద్ద ప్రమాదం జరగగానే జనం పిచ్చెత్తినట్టు పరుగులు పెడతారని, దోచుకుంటారని సినిమాలు చూపిస్తాయి. నిజానికి అది అరుదు, ఎక్కువమంది పక్కవాళ్లకు సాయపడతారు. ఈ లెక్కన గ్యాండర్ అద్భుతమేమీ కాదు, మనుషులు మామూలుగా చేసేదే అక్కడ పెద్ద ఎత్తున కనిపించింది.

ఈ మూడో వివరణ నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అది గ్యాండర్‌ను మనకు దూరంగా పీఠం మీద కూర్చోబెట్టదు. అయినా అదొక్కటే చాలదు. పక్కవాళ్లకు సాయపడే గుణం అన్నిచోట్లా ఉన్నా, అన్నిచోట్లా అది 6,500 మందికి పడక చూపించలేదు. అందుకు రన్‌వేలు, బడులు, సంఘాలు, అనుభవం అన్నీ కలిసి రావాలి.

తీరిక ఉన్నవాళ్లు, లేనివాళ్లు

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో చేసిన ఒక ప్రయోగం గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ 1973లో రాశారు. మతబోధ చదివే విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో ఒక మనిషి కుప్పకూలి దగ్గుతూ ఉంటాడు. కావలసినంత సమయం ఉందని చెప్పినవాళ్లలో 63 శాతం మంది సాయానికి ఆగారు. ఆలస్యమైంది, త్వరగా వెళ్లమన్నవాళ్లలో ఆగింది 10 శాతం. వాళ్లు ఇవ్వబోయే ప్రసంగం బైబిల్లోని, దారిన పడ్డవాడిని ఆదుకున్న మంచి మనిషి కథ గురించే అయినా పెద్ద తేడా రాలేదు.

పాల్గొన్నది 40 మందే కాబట్టి దీనికి మరీ ఎక్కువ బరువు ఇవ్వకూడదు. అయినా గ్యాండర్‌ను చూడటానికి ఇది మంచి కిటికీ. ఆ వారం ఊళ్లో బడులు అతిథుల కోసం మూతపడ్డాయి. మేయర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రోజువారీ పనులు ఆగిపోయాయి. ఇంకో చోటికి పరుగెత్తాల్సిన అవసరం చాలామందికి లేకుండా పోయింది. ఆఫీసులో సెలవు అడగడానికి టెన్షన్ పడాల్సిన పని లేదు, యజమాని కూడా అక్కడే దుప్పట్లు మడతపెడుతున్నాడు. సాయం చేయాలనే కోరిక ఎంత ముఖ్యమో, సాయం చేసే వెసులుబాటు దొరకడం అంతే ముఖ్యం.

పుచ్చుకోవడంలోని ఇబ్బంది

దయ గురించి రాసేవాళ్లు తరచూ వదిలేసే వైపు ఇది. నాటకం వదల్లేదు. న్యూయార్క్ నుంచి వచ్చిన నల్లజాతి యువకుడు బాబ్‌కు ఆతిథ్యం ఇచ్చిన పక్క ఊరి మేయర్, ఇళ్ల వెనక పెరళ్లలో ఉన్న బార్బెక్యూ పొయ్యిలు పట్టుకురమ్మంటాడు. పరాయి పెరట్లోకి వెళ్తే ఎవరో ఒకరు తుపాకీతో కాలుస్తారని బాబ్ భయం. అతని జీవితం అతనికి నేర్పింది అదే. తీరా వెళ్తే, ఆ ఇంటివాళ్లు టీ తాగి వెళ్లమంటారు, పొయ్యి మోయడానికి తామూ ఒక చెయ్యి వేస్తారు. ప్రేక్షకులు నవ్వుతారు. కానీ ఆ నవ్వు కింద ఒక మనిషి ఎన్నేళ్లుగా ఎంత జాగ్రత్తగా బతికాడో కనిపిస్తుంది.

ఇంకో సన్నివేశంలో ఇంగ్లిషు రాని ఆఫ్రికా దంపతులు చీకట్లో బస్సు దిగడానికి భయపడతారు. బయట సాల్వేషన్ ఆర్మీ వాళ్ల యూనిఫాం చూసి సైనికులనుకున్నారు. బస్సు డ్రైవరు ఆవిడ చేతిలో బైబిల్ గమనిస్తాడు. ఏ భాషలో ఉన్నా అధ్యాయాల, వచనాల అంకెలు ఒకటే కదా. దేనికీ కలత చెందవద్దనే వాక్యం తీసి వేలు పెట్టి చూపిస్తాడు. ఇక్కడ సాయం చేయాలని ఆరాటపడేవాళ్లు బయట ఎందరో ఉన్నారు, వాళ్ల రూపమే భయానికి కారణం. మన మంచితనం ఎదుటివాళ్లకు ఎలా కనిపిస్తోందో ఆగి చూసుకోవడం కూడా దయలో భాగమే.

ఏమీ బాగుచేయలేని దయ కూడా ఉంది. న్యూయార్క్ అగ్నిమాపక దళంలో పనిచేసే కొడుకు జాడ తెలియక తల్లడిల్లే తల్లి దగ్గర ఊరి ఆవిడ కూర్చుంటుంది. ఆవిడ కొడుకూ ఊళ్లో అదే పని చేస్తాడు. ఇద్దరూ కలిసి ప్రార్థిస్తారు, పనికిరాని జోకులు చెప్పుకుంటారు. ఆ కొడుకు తిరిగి రాడు. నాటకం ఆ తల్లికి ఏ ఓదార్పు ముగింపూ కల్పించలేదు, అది సరైన పని.

దయ అందని మనిషి

ఇప్పుడు అలీ. ఈజిప్టు నుంచి వచ్చిన ముస్లిం ప్రయాణికుడు. అతను తన భాషలో ఫోన్‌లో మాట్లాడితే పక్కవాళ్లు ఉలిక్కిపడతారు. వంటకు సాయం చేస్తానని వస్తే వద్దని పంపేస్తారు. చివరికి అతను అంతర్జాతీయ హోటళ్లలో పనిచేసే పెద్ద చెఫ్ అని తెలిశాక వంటింట్లోకి రానిస్తారు. తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కే ముందు బట్టలు విప్పించి తనిఖీ చేస్తారు. నాటకంలో ఇది కొద్దిసేపే, కానీ మిగతా కథ మొత్తాన్ని ఇది నిలదీస్తుంది.

కొందరు దీన్ని చూసి, ఊరి మంచితనం పైపూత అంటారు. ఇంకొందరు, అతన్ని ఎక్కువగా అవమానించింది ఊరివాళ్లు కాదు, తోటి ప్రయాణికులు, భద్రతా ఏర్పాట్లు అంటారు. రెండోది నిజమే, కానీ సగమే. ఊళ్లో అతన్ని దగ్గరికి తీసుకోవడానికి అతని వృత్తి అవసరమైంది. చెఫ్ కాకపోయి ఉంటే? మిగతా వేలమందిలో ఎవరినీ "నీకు ఏం వచ్చు?" అని అడిగి అన్నం పెట్టలేదు కదా.

ఇక్కడే బంధానికీ వారధికీ తేడా తెలుస్తుంది. అన్నం, పరుపు, మందు అందరికీ అందాయి, అలీకి కూడా. అవి ఏర్పాట్లతో అందేవి. అనుమానాన్ని తీసేయడం ఏర్పాట్లతో అయ్యే పని కాదు. ఇంకో వంద మంది దుప్పట్లు తెచ్చినా అతని ఒంటరితనం తగ్గేది కాదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ఇతను నాతో ఉన్నాడని పైకి చెప్పాలి. ఆ పనికి ధైర్యం కావాలి, ధైర్యం దయలాగా గుంపుగా రాదు.

"మరీ తీపి" అనే విమర్శ

విమర్శకుల అభ్యంతరాలు తేలికగా తీసేయాల్సినవి కావు. దాదాపు మూడు వేలమంది చనిపోయిన రోజు చుట్టూ ఇంత ఆనందమైన కథ అల్లడం సరేనా? ఐదు రోజులకు ఆతిథ్యం ఇవ్వడం ఒకటి, అతిథి వెళ్లనని చెబితే ఇవ్వడం ఇంకొకటి. గ్యాండర్ అతిథులు ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోతారని అందరికీ తెలుసు, వాళ్లలో చాలామందికి పాస్‌పోర్టు, ఇల్లు, ఉద్యోగం ఉన్నాయి. ఏమీ లేక వచ్చి ఉండిపోయేవాళ్ల విషయంలో ఇదే ఊరు, ఏ ఊరైనా, ఎలా ఉంటుందో ఈ కథ చెప్పదు.

మొదటిదానికి నా సమాధానం: నాటకం దాడిని వేదిక మీద చూపించదు, దాన్ని వాడుకోదు. అది నీడలా వెనకే ఉంటుంది. రెండోదానికి నాటకం దగ్గర సమాధానం లేదు, ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. ఐదు రోజుల కథ నుంచి ఐదేళ్ల పాఠం లాగకపోవడమే మంచిది.

అయితే ఐదు రోజుల తర్వాత ఏం మిగిలిందన్నది చూడొచ్చు. పక్కనున్న లూయిస్‌పోర్ట్‌లో తలదాచుకున్న ఒక డెల్టా విమానం ప్రయాణికులు తిరుగు ప్రయాణంలో, ఇంకా గాల్లో ఉండగానే, ఆ ఊరి హైస్కూలు పిల్లల కోసం స్కాలర్‌షిప్ నిధికి మాట ఇచ్చారు. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా 2002లో తన ఎయిర్‌బస్ విమానం ఒకదానికి గ్యాండర్, కెనడాలోనే ఉన్న హాలిఫాక్స్ నగరం పేర్లు కలిపి పెట్టింది. నాటకంలో కనిపించే మనుషులే 2016లో తమ ఊరి హాకీ రింక్‌లో కూర్చుని తమ కథను కచేరీగా విన్నారు. 2023 వేసవిలో, ఆ తర్వాత కూడా ఈ నాటకాన్ని గ్యాండర్‌లోనే ఆడారు, దాన్ని చూడటానికి మళ్లీ బయటివాళ్లు వచ్చారు. వీటన్నిటిలో ఆ ఐదు రోజుల పద్ధతికి దగ్గరగా ఉన్నది స్కాలర్‌షిప్పే అనిపిస్తుంది. కృతజ్ఞతతో కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు, కన్నీళ్లు ఆరకముందే డబ్బు ఎవరు పోగుచేయాలో, ఏ బడికి పంపాలో తేల్చుకున్నారు. ఆ నిధితో లూయిస్‌పోర్ట్ విద్యార్థులు ఎందరో పైచదువులకు వెళ్లారు.